దుమ్ము కూసునేదాకా

నా చిన్నప్పుడు పోస్టుకార్డులు మరీ చిన్నగా ఉండేవి. ఇదొక ఫిర్యాదా అంటారని తెలుసు. ఇప్పుడు కార్డు రాసేవాళ్లే లేరు, దాని కొలతల గురించి బాధపడేదెవరు? అయినా ఎనిమిదేళ్ల పిల్ల పక్షాన ఎవరో ఒకరు ఈ మాట అనాలి. ఆ వయసులో నా అక్షరాలు ఒక్కొక్కటి ఉసిరికాయంత ఉండేవి. పైన తేదీ, 'అమ్మకు నమస్కారాలు', కింద 'ఇట్లు నీ బిడ్డ' పోగా నా వారం రోజుల జీవితానికి ఐదారు వరుసలు మిగిలేవి. జీవితానికి అవి సరిపోయేవి. అక్షరాలకే చాలేవి కాదు. ఆ ఇరుకులో అవి సంతరోజు బస్సులో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకునేవి. ఆ తోపులాటలో దీర్ఘాలూ కొమ్ములూ ఎక్కడో జారిపోయేవి.

కార్డు నాయిన తెచ్చేవాడు. ముందు పక్క చిరునామా తనే రాసి నా చేతికిచ్చేవాడు. నేను రాసింది చదివేవాడు కాదు. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. ఇతరుల కాగితాలు చదవడం పగలంతా ఉన్నదే కదా, ఇంటికొచ్చి కూడానా అనుకునేవాడు కాబోలు. ఆ కార్డు మన్ననూరు పోయేది. అక్కడ మా అమ్మ ఉండేది. మేము గద్వాలలో ఉండేవాళ్లం.

తగాదా ఏమీ లేదు. అమ్మకు దమ్ము, అంతే. ఊపిరాడని జబ్బును మా వైపు దమ్ము అనే అంటారు. గద్వాలలో ఎండలు ముదిరాయంటే పడమటి దిక్కు నుంచి, రాయచూరు వైపు నుంచి గాలిదుమారాలు లేచేవి. అక్కడ దుమ్ము లేస్తే ఇక్కడ అమ్మకు దమ్ము లేచేది. అందుకని ఉగాది వెళ్లగానే నాయిన ఆమెను పుట్టింటి బస్సెక్కించేవాడు. తొలివానలు పడ్డాక తిరిగొచ్చేది. మన్ననూరులో చుట్టూ నల్లమల అడవి, దుమ్ము తక్కువ. మా తాత అక్కడ అడవి పనిలో వాచరు. మరి నువ్వూ పోవచ్చు కదా అంటారేమో, పోయి చూశాను. ఐదో ఏట పోయి, అడవి జ్వరం పట్టి, పొరకపుల్లంత సన్నమై తిరిగొచ్చాను. అమ్మకు గద్వాల దుమ్ము పడదు, నాకు మన్ననూరు దోమ పడదు. మా ముగ్గురికీ సరిపడే ఊరు సర్కారు ఇంకా మంజూరు చెయ్యలేదని నాయిన అనేవాడు.

అట్లా ఎండాకాలాలన్నీ నా ఒక్కదానివే అయ్యాయి. బడి ఉండదు. నాయిన పొద్దున్నే ఇంత అన్నం వండిపెట్టి సైకిలెక్కితే పొద్దుగూకేటప్పటికి వచ్చేవాడు. మా వాడకట్టులో అన్నీ నేత ఇళ్లే. నా ఈడు పిల్లలందరూ నూలు కండెలు చుట్టే పనిలో ఉండేవాళ్లు. నాకా పని రాదు కాబట్టి నాతో ఎవరికీ పని లేదు. మధ్యాహ్నాలు గడప మీద కూర్చుని మగ్గాల చప్పుడు వినేదాన్ని. ఏ ఇంటి మగ్గం ఆగిందో, ఏది మళ్లీ మొదలైందో కళ్లు మూసుకొని చెప్పగలిగేదాన్ని. ఎవరూ అడగలేదు గనుక ఆ విద్య అట్లాగే ఉండిపోయింది. దండెం మీద అమ్మ పాత చీర ఒకటి ఉండేది. ఉగాదికి దానికి అమ్మ వాసన ఉండేది. వానలు దగ్గర పడేసరికి అదీ దుమ్ము వాసనే వచ్చేది.

నాకు ఎనిమిదేళ్లున్న ఆ యేడు మొదటి దుమారం తొందరపడి వచ్చింది. నేను కార్డు రాశాను. 'అమ్మా, మొన్నటి నుండి దుమ్ము చాలా ఎక్కువైంది. నిద్ర పడుతలేదు. నాయిన తడిగుడ్డ పెట్టిండు. తగ్గలేదు. నువ్వు ఎప్పుడొస్తవు.' నాయిన తడిగుడ్డ పెట్టింది కిటికీకి. కిటికీ అనే మాటకు కార్డులో చోటు లేదు. ఇక దుమ్ముకు ఉండాల్సిన కొమ్ము ఆ తోపులాటలో జారిపోయింది. అందువల్ల మన్ననూరులో మా అమ్మ చదువుకున్నది ఇది: మొన్నటి నుండి దమ్ము చాలా ఎక్కువైంది. నిద్ర పడుతలేదు. నాయిన తడిగుడ్డ పెట్టిండు. తగ్గలేదు.

కావాలనే చేశానని తర్వాత చుట్టాల్లో చాలామంది అన్నారు. నేను కాదనలేదు గాని, అంత తెలివి నాకు అప్పుడు లేదు. ఆ తర్వాత కూడా ఒక్క అక్షరదోషంతో అంత పెద్ద పని చేయించగలిగింది లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ బస్సు దిగింది. పెట్టె మోసే మనిషిని వెనకే వదిలేసి ఉరికొచ్చింది. గడప మీద కూర్చున్న నన్ను లేపి, అటు తిప్పి, నా వీపుకు చెవి ఆనించింది. నా ఊపిరి మామూలుగానే ఉంది, అమ్మను చూసిన సంబరానికి కొంచెం వేగంగా ఉందేమో.

"దమ్మేది?" అన్నది అమ్మ.

నాకు అర్థం కాలేదు. "దుమ్మా? గదిగో" అని కిటికీ చట్టం మీద వేలితో గీత గీసి చూపించాను.

అమ్మ బొడ్లో దోపుకున్న కార్డు తీసి ఒకసారి దాన్ని చూసింది, ఒకసారి నా వేలిని చూసింది. తర్వాత నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గింది. నేనూ నవ్వుతున్నదాన్నల్లా ఆ దగ్గు వినగానే ఆపేశాను.

సాయంత్రం నాయిన వచ్చి కార్డు చదివాడు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాడు. పొద్దుగాల బస్సుకు పోవాలన్నాడు. అమ్మ పోనన్నది. "పిల్ల రాత జూసినవా? ఇంట్ల దీనికి కొమ్ములు నేర్పేటోళ్లు లేరు" అన్నది. నాయిన గుమాస్తా గనుక దేన్నీ ఊరికే ఒప్పుకోడు, ఊరికే కాదనడు. ఒక షరతు పెట్టాడు. వచ్చే దుమారం దాకా ఉండొచ్చు. ఆ దుమారానికి దమ్ము వచ్చిందంటే తెల్లారి బస్సు. అమ్మ సరేనన్నది. నన్నెవరూ అడగలేదు. కానీ ఆ షరతు అందరికంటే గట్టిగా నన్నే పట్టుకుంది.

నాలుగు రోజులు ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంది. గిన్నె కింద పెట్టిన చప్పుడైనా లేచిపోయి చూసేదాన్ని. అమ్మే. మళ్లీ చప్పుడైతే మళ్లీ పోయి చూసేదాన్ని. "ఏంది పిల్లా, నన్ను కావలి కాస్తున్నవా?" అనేది. నేను కావలి కాసింది పడమటి ఆకాశాన్ని.

ఐదో రోజు మధ్యాహ్నం అది ఇటుకపొడి రంగుకు తిరిగింది. తలుపులు మూశాం. దుమారం పావుగంట ఉంది. పెంకుల సందుల్లోంచి, కిటికీ చెక్కల సందుల్లోంచి అడగకుండానే లోపలికి వచ్చింది. ఆగాక చూస్తే నీళ్లకుండ మూత, పక్కబట్టలు, దేవుడి పటం అన్నీ ఒకే రంగు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఒక మూల కూర్చుంది. దమ్ము రాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా నా ప్రతిభే.

నాయిన వచ్చేలోపు, దుమారం వచ్చిన ఆనవాలే లేకుండా చెయ్యాలనుకున్నాను. పొరక పట్టుకున్నాను. ఎంత ప్రేమగా ఊడ్చానంటే బయట చల్లారిన దుమారం మా ఇంట్లో మళ్లీ లేచింది. అదైనా సందులు వెతుక్కుంటూ వచ్చింది. ఇది తలుపులు మూసిన గది నడుమ పుట్టింది. "వద్దు బిడ్డా" అనబోయిన అమ్మ మాట సగంలోనే ఆగింది. తర్వాత ఆమె ఊపిరి ఈల వెయ్యడం మొదలైంది. ఆ ఈల నాకు తెలుసు. అది వినపడిందంటే బస్సే. నాకు చేతనైన ఉపాయం ఒక్కటే తోచింది. ఇంకా తొందరగా ఊడ్చాను.

మా గోడ అవతల ఒక నేతామె ఉండేది. నేను అత్త అనేదాన్ని. ఆమె భర్త చీరల మూట కట్టుకొని ఊళ్లు తిరిగేవాడు, నెలకోసారి కనపడేవాడు. మిగతా రోజులు ఆమె, మగ్గం. గుంటమగ్గంలో దిగిందంటే నడుము పైనుంచే కనపడేది. అందుకని చాలాకాలం ఆమె పొట్టి మనిషనుకున్నాను. ఆ రోజు తలుపు తోసుకొని వచ్చినప్పుడు చూస్తే గుమ్మానికి తల తగిలేంత ఎత్తుంది. వస్తూనే నా చేతిలో పొరక గుంజి బయటికి విసిరింది.

"ఏం జేస్తున్నవే? పండుకున్న దుమ్మును లేపి అమ్మ నోట్ల పోస్తున్నవా?"

అమ్మను రెక్క పట్టుకొని తన మగ్గం గదిలోకి నడిపించుకుపోయింది. నేను వెనకే పోయాను.

అదే దుమారం ఆ ఇంటి మీదుగా కూడా పోయింది. కానీ ఆ గదిలో ఊపిరి పీలిస్తే చల్లగా తడి గోనె వాసన వచ్చింది. తలుపుకూ కిటికీకీ తడిపిన గోనెసంచులు వేలాడుతున్నాయి. మగ్గం మొత్తం పాత చీరలతో కప్పి ఉంది. ఆమె నేసేది నూలు చీరకు పట్టు అంచు. గంజి పెట్టిన పడుగు మీద దుమ్ము పడితే అతుక్కుపోతుంది, జరీ మసకబారుతుంది, ఇక ఎవరు తుడిచినా పోదు. అప్పుడు మగ్గం మీద ఒక పెళ్లి చీర సగంలో ఉంది, నాలుగు రోజుల్లో దించాలి. అంత పని నెత్తిన ఉన్న మనిషి దుమారం ఆగాక ఏం చేసిందంటే, ఏమీ చెయ్యలేదు. అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"ఊడ్వవా అత్తా?" అన్నాను.

"సుమ్నె కూసో" అన్నది.

ఆమె పుట్టిల్లు రాయచూరు పక్క. మాటల నడుమ కన్నడం ముక్క ఒకటి దొర్లేది. సుమ్నె అంటే ఊరికే. ఊరికే కూర్చోవడం నాకు కొత్త కాదు, ఎండాకాలాలన్నీ నేను చేసింది అదే. కానీ ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనని, దాన్ని ముగ్గురు కలిసి చెయ్యొచ్చని అప్పుడే చూశాను.

పైకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి ఎండ ఏటవాలుగా, ఒక కర్రలాగా నేల మీదికి దిగుతోంది. అందులో దుమ్ము సన్నగా, బంగారు రంగులో తిరుగుతోంది. అత్త దానివైపు గదువ ఎగరేసి చూపించింది. "జూడు, గదింక తిరుగుతనే ఉంది. ఎంతసేపు తిరుగుతది? దానికి గూడ కాళ్లు నొస్తయి, కూసుంటది. గది కూసున్నంకనే మనం లేవాలె. మనం ముందుగాల లేస్తే మనతోటి గది గూడ లేస్తది. జర మర్యాద గల్లది."

నా చెవుల్లో నాయిన సైకిల్ గంట అప్పుడే మోగుతోంది. రెండుసార్లు లేవబోయాను. రెండుసార్లూ అత్త చెయ్యి నా నెత్తి మీద పడింది, కొట్టినట్టు కాదు, కుండకు మూత పెట్టినట్టు. చేసేదేమీ లేక అమ్మ వీపుకు చెవి ఆనించాను. లోపల ఈల ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత దూరంగా పోయే బండి చప్పుడులాగా కొంచెం కొంచెం సన్నబడింది. నా జీవితంలో అంతసేపు ఎవరినైనా ఆనుకొని కూర్చోవడం అదే మొదలు. ఆ సంగతి కూడా ఇప్పుడు లెక్క చూసుకుంటే తెలుస్తోంది గాని, అప్పుడు నా ధ్యాసంతా బస్సు మీదే.

ఎండ కర్ర మగ్గం గుంజ దాటేసరికి అందులో తిరిగేది పలచబడింది. అప్పుడు అత్త లేచింది. నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండిన గుడ్డతో ముందు దూలం తుడిచింది, తర్వాత గూళ్లు, తర్వాత కిటికీ చట్టం. కింద నుంచి పైకి పోతే చేసిన పనే మళ్లీ చెయ్యాలట. గుడ్డను ఒకే దిక్కుకు లాగేది, మురికి పక్కను లోపలికి మడిచేది, ఇంట్లో మాత్రం దులిపేది కాదు. నేల మీద తడిపిన పల్లిపొట్టు చల్లి, దాన్ని మెల్లగా వాకిలి వైపు జరుపుకుంటూ పోయింది. దుమ్మంతా పొట్టుకు అంటుకొని, ఒక్క రేణువు లేవకుండా దాని వెంటే పోయింది. చివరికి మగ్గం మీది చీరలను నాలుగు మూలలూ లోపలికి మడిచి, నిద్రపోయే పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు తీసింది. కింద పట్టు అంచు నిన్నటి మెరుపుతోనే ఉంది. నేను తర్వాత ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. కలిపిన మట్టినీళ్లు కదపకుండా ఉంచితే మట్టి అడుక్కు చేరుతుందనే పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లలకు పుస్తకమే చెప్పాను. నాకు చెప్పిందెవరో చెప్పలేదు.

అత్తా నేనూ మా ఇంటి పని మొదలుపెట్టేలోపే నాయిన వచ్చాడు. ఆయన తలుపు తీసేసరికి గది నిండా దుమ్ము, దాని మీద నా పొరక గీతలు, మనుషులు లేరు. పక్కింటికి వచ్చాడు. అమ్మ ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. భుజాలు ఇంకా లేచి పడుతున్నాయి.

"వచ్చింది గదా" అన్నాడు నాయిన. కోపం లేదు. ఫైలుకు దారం కట్టేసినట్టు అన్నాడు.

ఊడ్చింది నేనేనని చెప్పాను. చెప్తే ఏం లాభమో తెలియదు గాని, దమ్ముకు కారణం అమ్మ కాదని ఎవరో ఒకరు చెప్పాలనిపించింది.

అత్త కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ అడిగింది. "సార్, నాకు తెల్వక అడుగుతున్న. మీరు షరతు దుమారానికి పెట్టిన్రా, పొరకకు పెట్టిన్రా?" మా గోడ పలచన. షరతు సంగతి వాడకట్టంతా తెలుసు.

"దుమారానికే" అన్నాడు నాయిన.

"దుమారం పోయినంక గూడ వదినె మంచిగనే ఉండె. దమ్ము పొరకతోటి వచ్చింది. పొరక షరతుల లేదు."

నాయిన కచేరీలో జనానికి ఇట్లాంటి మెలికలు పెట్టడమే గాని, ఆయనకు ఎవరైనా పెట్టడం బహుశా అదే మొదలు. "గట్లయితే ఇంకో దుమారం జూద్దాం" అని సైకిల్ లోపల పెట్టుకోవడానికి పోయాడు.

ఇంకో దుమారం పదిరోజులకు వచ్చింది. ఈసారి మా కిటికీలకు తడి గోనెలున్నాయి, పక్కల మీద పాత చీరలున్నాయి. గాలి ఆగగానే గోడ అవతలి నుంచి ఒక్క దెబ్బ వినిపించింది, మగ్గం నాడెతో గోడను కొట్టినట్టు. కూసో అని. అమ్మా నేనూ ఆ మసక చీకటి గదిలో పక్కపక్కన కూర్చున్నాం. మా ఇంట్లో గవాచి లేదు, తలుపు సందులోంచి పడే సన్నటి ఎండనే చూస్తూ ఉన్నాం. అందులో తిరిగేది బాగా పలచబడ్డాక అమ్మ వంగి, నేల మీది దుమ్ములో వేలితో మెల్లగా 'దుమ్ము' అని రాసింది. కొమ్ము ఎక్కడ పెట్టాలో చూపించింది. నా వేలు పట్టుకొని దాని మీదే మళ్లీ దిద్దించింది. ఊపిరి ఈల వెయ్యలేదు. కాసేపటికి ఆ అక్షరాలను నేనే తడిగుడ్డతో తుడిచేశాను. షరతు షరతే.

ఆ యేడు వానల దాకా అమ్మ ఇంట్లోనే ఉంది.

మరుసటి యేడు నాయినకు పెద్దమందడికి బదిలీ అయింది. ఇల్లు చేన్ల నడుమ. గోడ అవతల ఇంకో గోడ లేదు. దుక్కి దున్నిన చేన్ల మీంచి వచ్చే దుమారానికి నా రెండు గోనెసంచులు ఏ మూలకూ చాలలేదు. తడిపాను, కూర్చున్నాను, తుడిచాను. ఒక్క పని కూడా తప్పు చెయ్యలేదు. అయినా దమ్ము వచ్చింది. నాయిన ఈసారి షరతు మాట ఎత్తలేదు, బస్సెక్కించాడు. ఆ యేడు వానలు బాగా పడ్డాయి. అమ్మ రాలేదు. మన్ననూరులోనే జ్వరం వచ్చి చనిపోయింది. దమ్ముతో కాదు, నన్ను రానివ్వని ఆ అడవి జ్వరంతోనే. చివరి దాకా ఊపిరి మంచిగానే ఆడిందని తాత కార్డులో రాశాడు. ఆయన అక్షరాలు సన్నవి, కుదురైనవి. ఎక్కడైనా ఒక కొమ్ము పోయి అర్థం మారిందేమోనని చాలాసార్లు చదివాను. ఎక్కడా పోలేదు.

ఇప్పుడు నేను వనపర్తిలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. అత్త మగ్గం గదిలో గడిపిన ఆ రోజు నుంచి నాకు మిగిలింది కూర్చోవడం. కాలేజీలో ఎవరైనా ఒక మాట అని పోతే వెంటనే పొరక పట్టుకునేదాన్ని కాదు. అది నేల మీద పడేదాకా ఆగేదాన్ని. దానివల్ల స్నేహితులు పెరగలేదు గాని, ఉన్న నలుగురూ తగ్గలేదు. దుమారం వచ్చిన రోజు మాత్రం అత్త మాట మాటే. కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, కుర్చీలో సుమ్నె కూర్చుంటాను. వెంటిలేటర్‌లోంచి పడే ఎండలో అది తిరగడం మానేదాకా లేవను. ఎదురింటివాళ్లు ధ్యానం అనుకుంటారు. వాళ్లకున్న గౌరవాన్ని నేనెందుకు చెడగొట్టాలి?

మొన్న దుమారం ఆగగానే నా ఇంటి పనికి వచ్చే ఆమె వచ్చింది. వీపనగండ్ల మనిషి, మాట దాచుకోదు. వస్తూనే పొరక తీసింది. ఆగమన్నాను, ఇంకా కూర్చోలేదు అన్నాను. ఏది కూర్చోలేదో ఆమెకు అర్థం కాలేదు గాని, తను కూర్చుంది. గడప మీద కూర్చొని కాసేపు ఎండలో తిరిగే దుమ్మును చూసింది, కాసేపు ఫోను చూసుకుంది, కాసేపు నన్ను చూసింది. తర్వాత అన్నది:

"ఒక్కదానివే ఉంటవు గద మేడమ్. ఎవరికి దగ్గొస్తదని గింతసేపు కూసున్నవ్?"